వయొలిన్లు వినపడగానే కోసెయ్యండి

టీవీలో వచ్చే ఓ జపాన్ యానిమే కార్టూన్ తెలుగు డబ్బింగ్‌లో తల్లి పాత్రకు గొంతు నాది. సిరీస్ మొత్తానికీ నాకున్నది ఒకే ఒక్క మాట, అదీ ఆఖరి భాగంలో. తప్పిపోయిన కూతురు ఎక్కడెక్కడో తిరిగి ఇల్లు చేరి తలుపు తోస్తే, తల్లి "వచ్చావా" అంటుంది. ఆ మాటకే ప్రాణం పెట్టాను.

ప్రతి భాగం చివరా పేర్లు పడేటప్పుడు ఆర్కెస్ట్రా సంగీతం వస్తుంది. ముందు వయొలిన్లు, తర్వాత ఒకదాని వెనక ఒకటిగా మిగతావన్నీ. ఆఖరి భాగంలో మాత్రం కథ నడుస్తుండగానే అది మొదలవుతుంది. కూతురు మెట్లెక్కుతుంటే వయొలిన్లు అందుకుంటాయి. తలుపు తెరుచుకునేసరికి ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా లేస్తుంది. డబ్బింగ్ గదిలో అది విని, అక్క పోయాక మొదటిసారి బావురుమన్నాను.

అందుకే అక్క కూతురిని ఒక్క భాగం కూడా వదలకుండా చూడమన్నాను. దాన్నందరం పిచ్చుక అంటాం. పదేళ్లది. తల్లి పోయినా కంట చుక్క రాలలేదు. ఎంత ధైర్యమో అని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. ధైర్యమా పాడా, పిల్ల లోలోపల కుమిలిపోతోంది. ఆ సంగీతం వింటేనైనా ఏడుస్తుందని నా ఆశ.

ఆఖరి భాగం రోజు దాని పక్కనే కూర్చున్నాను. తెర మీద పిల్ల మెట్లెక్కింది. వయొలిన్లు మొదలయ్యాయి. సబ్బు ప్రకటన వచ్చింది.

మర్నాడు ఛానెల్ ఆఫీసుకు వెళ్లాను. ఎడిటర్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. వయొలిన్లు వినపడగానే కోసెయ్యమని పైవాళ్ల మాటట. మొదటి భాగం నుంచీ అలాగే కోస్తున్నాడట, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదట. ఆ తర్వాత ఏముందో చూడనైనా చూడలేదు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడే నయం, వాడు కనీసం విన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పేర్లు పడే ముక్కే కదండీ" అన్నాడు.

"కథంతా ఆ ముక్కలోనే ఉంది నాయనా" అన్నాను.

మళ్లీ వేసే వీలు లేదన్నాడు. తిట్టుకుంటూ అక్క వాళ్లింటికి వెళ్లి జరిగింది చెప్పాను. పిచ్చుక తాపీగా విన్నది.

"అమ్మప్పుడూ అంతే కదా పిన్నీ. చివర్లో నన్ను బయటికి పంపేశారు."

అక్క పోయేటప్పటికి నేనింకా దారిలోనే ఉన్నాను. పసిపిల్ల తట్టుకోలేదని బావే దాన్ని పక్కింట్లో దింపి వచ్చాడట, నాకిప్పుడు తెలిసింది. ఎడిటర్ మీది కోపమంతా బావ మీదికి మళ్లింది. ఎవరిని అడిగి పంపాడు? అది దాని తల్లి కాదూ?

సౌండ్ ఇంజనీరును బతిమాలి, ఆ ఆదివారం తండ్రీకూతుళ్లిద్దరినీ మా డబ్బింగ్ స్టూడియోకు తీసుకెళ్లాను. మెట్లు, వయొలిన్లు, తలుపు. ఆర్కెస్ట్రా గది నిండా కమ్ముకుంది. "వచ్చావా" అంది నా గొంతు. అక్క గొంతుకూ నా గొంతుకూ పోలికని అందరూ అనేవారు. పిచ్చుక వెక్కిళ్లు పెట్టింది.

బావ గభాలున లేచి దాని చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు బయట తిరిగొద్దాం పదమన్నాడు. నేను వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. నేను నోరు విప్పేలోపే పిచ్చుక చెయ్యి విడిపించుకుంది.

"నేను రాను నాన్నా. అయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

తెర మీద పేర్లు ఇంకా పడుతున్నాయి. బావ మెల్లగా దాని పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్లుగా ఆపుకున్నాడో, కూతురికంటే గట్టిగా ఏడ్చాడు.