నర్సింహ రాసిన రీడింగులు

నర్సింహ కరెంటు సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. గంటగంటకూ మీటర్లు చూసి లాగ్‌బుక్కులో రాయడం అతని పని. డ్యూటీ ఎక్కగానే ఎనిమిది గంటల రీడింగులూ ఒక్క ఊపున రాసేసి, తీరిగ్గా చాయ్ తాగడం అతని అలవాటు. అన్నీ ఒకే అంకె వేస్తే తనిఖీకొచ్చే ఏఈ సారుకు అనుమానం వస్తుందని అక్కడక్కడా ఒక పాయింటు పెంచేవాడు, ఒకటి తగ్గించేవాడు. ఒక్కసారీ పట్టుబడలేదు.

అందుకని భార్య భూలక్ష్మికి కీమో మొదలయ్యాక, దవాఖానవాళ్లు ఫోన్‌లో యాప్ వేసిచ్చి, రోజూ పొద్దున జ్వరం, వాంతులు, నోటిపూత, నీరసం అన్నీ ఇంటి నుంచే నింపండి, తేడా ఉంటే మేమే ఫోన్ చేస్తాం అన్నప్పుడు, ఇదేదో తన చేతిలో పనే అనుకున్నాడు. నల్లగండ్ల అపార్ట్‌మెంటు బాల్కనీలో కూర్చుని, ఆమె లేవకముందే నింపేసేవాడు. జ్వరం 98.4. మర్నాడు 98.6. నీరసం పదికి మూడు, మర్నాడు రెండు. ఒంట్లో బాగాలేని మనిషిని లేపి వాంతులెన్ని అని అడగడం అతనికి మర్యాదగా తోచలేదు. దవాఖాన నుంచి ఫోన్ రాలేదు కాబట్టి మనిషి బాగానే ఉన్నట్టు.

పదమూడో రోజు భూలక్ష్మి రెండు దుప్పట్లు కప్పుకుని కూడా వణుకుతోంది. నర్సింహ థర్మామీటరు పెట్టి చూశాడు. 101.2. ఫోన్ తీసి 99 అని కొట్టాడు.

"నూటొకటి అంటివి గద," అంది భూలక్ష్మి.

"నిన్న తొంభై ఎనిమిదుండె. ఒక్కపారి నూటొకటంటే ఎవరు నమ్ముతరు? ఇయ్యాల తొంభై తొమ్మిది, రేపు నూరు. ఎల్లుండికి సక్కగ నూటొకటికొస్తది."

"ఎల్లుండి దాక నేనుండాలె గద."

నర్సింహ 99 చెరిపి, 101.2 వేసి పంపాడు.

నాలుగు నిమిషాల్లో ఫోన్ మోగింది. నర్సు కృష్ణప్రియ.

"నర్సింహ గారూ, అమ్మకి జ్వరం ఇవాళే మొదలైందాండి? నిన్నటిదాకా నార్మలే పంపారు."

అవునంటే సరిపోతుంది. ముప్పై ఏళ్ల పేరు నిలబడుతుంది. పక్కన భూలక్ష్మి వణుకుకు మంచం కిర్రుమంటోంది.

"నిన్నటిది చూసి రాసింది కాదు బిడ్డా."

"అంటేనండి?"

"పన్నెండు దినాల లెక్కలు గూడ అంతే. అందాజగ రాసిన."

అవతల కీబోర్డు టకటకలాడింది. ఏఈ సారైతే ఈపాటికి తిట్టేవాడు, అలా తిట్టినా నయమే అనిపించింది.

"అవన్నీ పక్కన పెట్టేస్తానండి. ఎప్పట్నుంచో అమ్మని అడగండి."

నర్సింహ భార్య వైపు తిరిగాడు. "ఎప్పటిసంది?"

"మొన్న పొద్దుగూకినప్పటిసంది."

"మొన్నట్నుంచా?" కృష్ణప్రియ గొంతు మారింది. "వెంటనే ఎమర్జెన్సీకి తీసుకొచ్చేయండి. డాక్టరుగారికి చెప్పి ఉంచుతాను. మిగతావి దారిలో అమ్మని అడిగి పంపండి."

క్యాబు గచ్చిబౌలి దారిలో ఐటీ కంపెనీల బస్సుల వెనక ఆగిపోయింది. నర్సింహ కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"వాంతులు?"

"నిన్న నాలుగు."

"నాకు చెప్పకపోతివి."

"నువ్వడిగినవా?"

అతను నాలుగు వేశాడు. "నోట్ల పుండ్లు?"

ఆమె నోరు తెరిచింది. నర్సింహ ఫోన్ లైటు వేసి, వంగి చూశాడు. నాలుక పక్కన మూడు. లోపల బుగ్గకు ఇంకొకటి. నోరు మూసుకోవచ్చా అని భూలక్ష్మి చేత్తో అడిగింది.

"జర ఆగు," అన్నాడు నర్సింహ. "ఇంకోపారి చూడనియ్యి."