సమ్మెట కూలి

మధ్యాహ్నానికి అరచేతిలో బొబ్బ చితికింది. సమ్మెట కర్ర నెత్తురుకు జారుతుంటే ఆమె ఒక్క క్షణం ఆగింది. తమ్ముడు తలెత్తకుండానే చేతికి గుడ్డ చుట్టుకోమన్నాడు. దెబ్బ పక్కకు పడితే ఇనుము పాడవుతుందట.

మొగుడు పోయి పుట్టింటికి చేరిన నాటి నుంచి ఆమెది కొలిమి దగ్గర తిత్తి ఊదే పని. ఊది ఊది రెక్కలు పడిపోయాయి. మొన్నీమధ్య ఊరికి కరెంటొచ్చింది. తమ్ముడికి సబ్సిడీలో కొలిమికి గాలి ఊదే బ్లోయరు ఇచ్చారు. ఇచ్చినాయన ఇక ఈ ఇంటి రాబడి రెట్టింపవుతుందని చెప్పి వెళ్లాడు. ఆమె కూడా సంబరపడింది, పిచ్చిది. తిత్తి పీడ వదిలింది, ఇక కాస్త నడుం వాల్చొచ్చు అనుకుంది.

రాబడి నిజంగానే రెట్టింపయింది. నిప్పు తగ్గకుండా రగులుతుంటే నాగలి కర్రులూ పలుగులూ ఇదివరకటికి రెండింతలు తయారవుతున్నాయి. పని పెరిగింది, కూలి పెంచమని సమ్మెట కొట్టే మనిషి అడిగాడు. రోజుకు నాలుగొందలు ఇచ్చేవారు అతనికి. తమ్ముడు పైసా పెంచకపోగా మనిషినే మాన్పించాడు. అక్క చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అన్నాడు. అలా కరెంటు పుణ్యమా అని సమ్మెట ఆమె చేతికొచ్చింది. నాలుగొందలు మాత్రం తమ్ముడి జేబులోనే ఉండిపోయాయి.

నిప్పురవ్వలు పడి ఆమె పాదాల నిండా కాలిన మచ్చలు. చెప్పులు కొనిపెట్టమని అడిగితే, గడప దాటని మనిషికి చెప్పులెందుకని మరదలు నవ్వింది. ఆ నవ్వు మచ్చల కన్నా ఎక్కువ మండింది.

తమ్ముడు ఎర్రగా కాలిన కర్రును దాగలి దిమ్మ మీద పెట్టి, ఎక్కడ కొట్టాలో చిన్న సుత్తితో తట్టి చూపించాడు. ఆమె సమ్మెట ఎత్తలేదు. పనిముట్ల కోసం వచ్చి కూర్చున్న రైతులు మాటలాపి చూశారు.

"చల్లారిపోతోందక్కా, కొట్టు."

"అతనికిచ్చిన కూలి నాకూ ఇస్తావా?"

"ఇంటి మనిషికి కూలేంటే? తిండి పెట్టట్లేదా?"

"తిండి తిత్తి ఊదినప్పుడూ పెట్టావు. ఇది వేరే పని. కూలి ఇస్తేనే కొడతా."

ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. కర్రు ఎరుపు తగ్గి నల్లబడింది. తమ్ముడు పళ్లు కొరుకుతూ దాన్ని మళ్లీ నిప్పులో గుచ్చాడు. కాసేపటికి తీసి మళ్లీ దాగలి మీద పెట్టాడు. ఆమె సమ్మెట నేలకు ఆనించి అలాగే నిలబడింది.

లోపల మరదలు అందరికీ అన్నం వడ్డిస్తోంది. ఆడబిడ్డ కంచం దగ్గరికి వచ్చేసరికి చేయి ఆపి, దాన్ని బోర్లించింది.

చప్పుడు కొలిమి దాకా వినిపించింది. ఆమె సమ్మెట ఎత్తలేదు.