వెనక్కి పోని బండి

కోదండరామ్ స్కార్‌బరోలో పాతకాలపు కార్లు కొని అమ్ముతాడు. ఏ బండిలోనూ లోపమంటూ ఉండదని, దానికి తగిన మనిషి దొరకడమే ఆలస్యమని అతని లెక్క. ఆ లెక్కను రెండు చలికాలాలుగా వెక్కిరిస్తున్నది కోడిగుడ్డు లాంటి ఒక బుల్లి కారు. దానికి ఉన్నది ఒకే తలుపు. అదీ ముందువైపు, హెడ్‌లైట్ల మధ్య, ఫ్రిజ్ తలుపులా తెరుచుకుంటుంది. రివర్స్ గేరు లేదు. వెనక్కి కావాలంటే దిగి తోసుకోవడమే.

చివరికి అమరేశ్వరరావు దానిమీద మనసు పడ్డాడు. గుళ్లో పూజ జరిగాకే సంతకమని అతని భార్య కనకదుర్గ షరతు పెట్టింది. ఆదివారం కోదండరామ్ కారును ట్రెయిలర్ మీద తెచ్చి గుడి ముందు దింపాడు. బండి దేవుడికి ఎదురుగా ఉండాలని ఆవిడ అనగానే అమరేశ్వరరావు ఎక్కి, గుడిగోడకు ఆనేదాకా నడిపాడు. పూజారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి హారతిచ్చాడు.

"ఇక దిగి కొబ్బరికాయ కొట్టండి."

తలుపు గోడకు కొట్టుకుంది. బెత్తెడు కూడా తెరుచుకోలేదు.

"వెనక్కి తోద్దాం, పట్టండి," అన్నాడు కోదండరామ్.

"ఆగండి. పూజయ్యాక మొదటి కదలిక వెనక్కా? అలాగైతే ఈ బండి మాకొద్దు," అంది కనకదుర్గ.

కారుకు పైనున్న గుడ్డ కప్పు తీసి అమరేశ్వరరావు భుజాల దాకా లేచాడు. పొట్ట దగ్గర ఆగిపోయాడు.

"ముందు గోడుంది, దుర్గా. ఎదురుగా పెట్టమన్నది నువ్వే కదా."

"దేవుడికి ఎదురుగా అన్నాను. దేవుడి మీదికి అన్లేదు."

పూజారి అతనికి తీర్థం పైకి అందించాడు. దారినపోయే ఒక పెద్దావిడ అతనికి దణ్ణం పెట్టి అరటిపండు ఇచ్చి వెళ్లింది.

బేరం చేజారుతోంది. ముందు గోడ, వెనక కనకదుర్గ. మిగిలినవి రెండు పక్కలు. కోదండరామ్ ప్రసాదం లైన్లోంచి ఎనిమిది మందిని పిలిచాడు. మనిషితో సహా బండిని ఎత్తి, పక్కకు జరిపి, ఖాళీ వైపు తిప్పి దించారు. పూజారి నిమ్మకాయలు మళ్లీ సర్దాడు. బండి వాటిని తొక్కుకుంటూ ముందుకే కదిలింది.

అమరేశ్వరరావు దిగీ దిగగానే బేరం మొదలెట్టాడు. "రివర్స్ కూడా లేదు, కొంచెం తగ్గించండి."

"దానికే ఎక్కువ తీసుకోవాలండీ. మామూలు కారైతే ఇందాక మీరు కంగారులో వెనక్కి తీసేసేవారు. దీనికి అపశకునం చేయడం చేతకాదు."

కనకదుర్గ కాసేపు కారును చూసింది. బ్యాగులోంచి పెన్ను తీసి భర్త చేతిలో పెట్టింది. అతను సంతకం చేస్తుండగా కోదండరామ్‌ను పక్కకు పిలిచింది.

"మా వ్యాన్‌లో రివర్స్ గేరు తీయించడానికి ఎంతవుతుందండీ?"

"చూసి చెప్తానమ్మా," అన్నాడు కోదండరామ్.