సాంబారు బకెట్ మీద రెండు శూన్యాలు

నేను ఒక బకెట్ హ్యాండిల్‌ని. శ్రీకాకుళంలో ఓ స్టీలు సామాన్ల షెడ్డులో పుట్టాను. నన్ను వంచినవాడు బీడీ కాలుస్తూ వంచాడు కనుక ఎడమవైపు కాస్త వంకర. అక్కడినుంచి ఒక హైస్కూలు వంటగదికి చేరాను. వంటమనిషి అసిరమ్మ నన్ను పట్టుకునే రోజూ సాంబారు మోసేది. పొగడ్తలన్నీ సాంబారుకు, బరువు నాకు.

ఒకరోజు బకెట్ చెవి ఊడి, బకెట్ మరమ్మతుకు పోయింది. కిటికీలో మిగిలిన నన్ను లెక్కల టీచరు సువర్ణగారు తరగతికి పట్టుకుపోయారు. గ్రాఫు బోర్డు మీద కిందికి వేలాడేలా ఆనించి, "ఇదిగో పరావలయం" అన్నారు. నిజానికి నేను పరావలయాన్ని కాను, అర్ధవృత్తానికి దగ్గర చుట్టాన్ని. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఇద్దరం గుట్టుగా ఉండిపోయాం.

"ఈ వంపు ఎక్స్-అక్షాన్ని ఎక్కడెక్కడ ఖండిస్తే అవే బహుపది శూన్యాలు" అన్నారావిడ. నేను −1 దగ్గరా, 3 దగ్గరా ఖండించాను. దమయంతి అనే పిల్ల మాత్రం నా అట్టడుగున వేలు పెట్టి, "ఇదే శూన్యం మేడమ్" అంది. అన్నిటికన్నా కింద ఉన్నదే శూన్యమని దాని నమ్మకం. ఎన్నిసార్లు చెప్పినా వేలు అక్కడికే జారింది. క్లాసంతా నవ్వింది.

"రేపు లెక్కల పరీక్షకి నేను రాను మేడమ్. టెన్తే మానేస్తాను" అనేసింది దమయంతి.

సువర్ణగారి మొహం వాడిపోయింది. నాకూ బాధేసింది. ఆ పిల్లను దారి తప్పించింది నా వంపే కదా.

అంతలో అసిరమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది. "టీచరమ్మా, బకెట్టొచ్చీసింది. నా హేండిలు ఇచ్చీయండి. గిన్నెల్తోటి మొయ్యలేక సేతులు కాలిపోతన్నాయి." లెక్కలు ఓడాయి, సాంబారు గెలిచింది.

మధ్యాహ్నం దమయంతి కంచంతో వరుసలో నిలబడింది. బకెట్‌కి మళ్లీ తగిలించిన నన్ను అసిరమ్మ నిటారుగా ఎత్తింది. పొద్దున కిందికి వేలాడిన నా నడుం ఇప్పుడు గాల్లో ఉంది. అలవాటుగా దానికోసం అడుగున వెతికిన పిల్ల చూపు బకెట్ అంచు దగ్గర ఆగింది. బోర్డు మీద అక్షాన్ని ఖండించినట్టే, నేను అంచును కలిసేది రెండే చోట్ల.

"మేడమ్! శూన్యాలు! రెండున్నాయి!" అని కేక పెట్టింది.

అసిరమ్మ చేతిలో గరిటె జారిపోయింది. "ఓలమ్మో! సాంబార్లోనేటే? మూత ఇప్పుడే తీసినాను కదే!"

"సాంబార్లో కాదు పిన్నీ, అంచు మీద! హేండిలు పైకి లేచినా, కిందికి వేలాడినా ఇవి కదలవు."

సువర్ణగారు అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చారు.

"రేపు వస్తాను మేడమ్" అంది దమయంతి.

ఆవిడకు కళ్లనీళ్లు ఆగలేదు. సాంబారులో కారం ఎక్కువైందనుకుని, అసిరమ్మ గబగబా మంచినీళ్లు అందించింది.