తారీఖు లేని సంతకం

పాండురంగానికి బేస్‌బాల్ ఎలా ఆడతారో తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. ఆయనకు కావలసింది సంతకాలు. మొదట మన మాజీ క్రికెటర్లకు అరవై ఉత్తరాలు రాశాడు. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. ఎవరో చెబితే అమెరికాలో రిటైరైన బేస్‌బాల్ ఆటగాళ్లకు రాశాడు. ఆ ముసలివాళ్లకు పొద్దుపోదేమో, నెల తిరక్కుండానే జవాబులు మొదలయ్యాయి. ఆరేళ్లలో ముప్ఫై నాలుగు ఉత్తరాలు. అన్నీ ప్లాస్టిక్ కవర్లలో, వరస నంబర్లతో.

లేనిదల్లా ఒక మేనేజర్ ఉత్తరం. అంటే, జట్టును నడిపించే పెద్దాయనది. నాలుగుసార్లు బతిమాలితే క్లైడ్ వాన్‌హూట్ అనే ఎనభై ఆరేళ్ల మాజీ మేనేజర్ కరిగాడు. పేజీన్నర చేత్తో రాసి, సంతకం పెట్టి పంపాడు.

పాండురంగం దాన్ని పటాన్‌చెరులో తను పనిచేసే మందుల ఫ్యాక్టరీకి పట్టుకెళ్లాడు. అక్కడ క్వాలిటీ సెక్షన్‌లో ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఒకటే. రికార్డుల్లో సంతకం పెట్టి తారీఖు వెయ్యనివాణ్ని పట్టుకోవడం, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టడం, కాగితం వెనక్కి పంపడం.

క్యాంటీన్‌లో అందరూ ఆహా అన్నారు. ప్యాకింగ్ సూపర్‌వైజర్ లింగం మాత్రం చెయ్యి కడుక్కొచ్చి నింపాదిగా చదివాడు.

"మంచిగుంది సార్. గని తారీఖేది?"

"ఏంది?"

"సంతకం కింద తారీఖు లేదు. మొన్న గిదే ముచ్చట మీద నన్ను రెండు గంటలు నిలవెట్టిన్రు గద. ఇగో, ఈడ ఒక మాట కొట్టేసి మీద రాసిండు. పక్కన పొట్టి సంతకం గూడ లేదు."

"ఆయన అమెరికాయన, లింగం."

"ఆ అమెరికోళ్ల ఆడిట్ వస్తదనే గద సార్, మనం గింత పరేషానయ్యేది!"

టేబుల్ టేబులంతా నవ్వింది. పాండురంగానికి పెరుగన్నం దిగలేదు.

ఇంట్లో భార్య ప్రభావతి చెప్పి చూసింది. "ఎనభై ఆరేండ్ల మనిషి. మల్ల పంపుతడో లేదో. ఉన్నది దాసుకోరాదుండ్రి?"

"రూలంటే రూలే."

రెండుచోట్ల ఎర్ర సున్నాలు చుట్టి, తారీఖు వేసి పంపమని ఒక ఉత్తరం జతచేసి, అసలు కాగితాన్నే అమెరికాకు రిజిస్టర్ పోస్టు చేశాడు.

నలభై రోజులు పోస్ట్‌మన్ కనబడితే చాలు, గేటు దాకా ఉరికాడు. ముసలాయన పోయాడో, కోపమొచ్చి చింపేశాడో తెలియదు. నలభై ఒకటో రోజు కవరొచ్చింది. లోపల వాన్‌హూట్ ఉత్తరం లేదు. పాండురంగం రాసిన ఉత్తరమే ఉంది. అందులో తన సంతకం కింద ఎర్ర సున్నా. పక్కన వణికే అక్షరాల్లో ఇంగ్లీషులో రాసి ఉంది: 'దీనికీ తారీఖు లేదు. సరిచేసి పంపండి. అందాకా నా ఉత్తరం నా దగ్గరే ఉంటుంది.' దాని కింద పొట్టి సంతకం, తారీఖు.

పాండురంగం కొత్త ఉత్తరం రాసి తారీఖు మూడుచోట్ల వేశాడు. అడుగున 'సరిచూసినవారు' అని గీత గీసి, చిక్కుడుకాయలు తుంచుతున్న ప్రభావతి ముందు పెట్టాడు.

"నేనెందుకు?"

"రెండో మనిషి చూడాలె. గది పద్ధతి."

ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని మొత్తం చదివింది. "ముసలాయన మంచిగ బుద్ధి చెప్పిండు" అని సంతకం గీకి, చిక్కుడుకాయలు తీసుకుని వంటింట్లోకి పోయింది.

సంతకం కింద తారీఖు లేదు.

పాండురంగం ఎర్ర పెన్ను మూత తీశాడు.

"ఇంకేమన్న ఉన్నదా?" వంటింట్లోంచి కేకేసింది.

"ఏం లేదు, ఏం లేదు" అని మూత పెట్టేసి, జల్దీ జల్దీగా కవరు అంటించాడు.