నీలం మీద ఎరుపు

ముత్యాలమ్మ చెయ్యి ఊరికే ఉండదు. పక్కింటి పులుసులో ఉప్పు తక్కువైందనిపిస్తే అడక్కుండా వేసేసే మనిషి ఆవిడ. ఆ చెయ్యే కూతురి కొంప ముంచింది.

కూతురు నాగమల్లేశ్వరి నాగాయలంకలో తొమ్మిదో తరగతి. గుడివాడలో జిల్లా సైన్సు ప్రదర్శన పెట్టారు, అక్కడ నెగ్గితే హైదరాబాదు. ఆ పిల్ల రెండు నెలలు కూర్చుని కాగితపు గుజ్జుతో గుమ్మడికాయంత నక్షత్రాన్ని చేసింది. పక్కన సూర్యుడు, నిమ్మకాయంత. నక్షత్రానికి లేత నీలం రంగు పూసి ఆరబెట్టి, ముందురోజు సాయంత్రం ట్యూషన్‌కి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముత్యాలమ్మ దాన్ని పాత చీరలో చుట్టి తట్టలో సర్దేసింది. "విప్పకే, బస్సులో నలిగిపోద్ది" అని ఒట్టు కూడా పెట్టించుకుంది.

పామర్రులో బస్సు మారి గుడివాడ చేరారు. బల్ల మీద పెట్టి చీర విప్పగానే నాగమల్లేశ్వరి ఒక్కడుగు వెనక్కి వేసింది. నక్షత్రం మిరపపండులా ఎర్రగా ఉంది.

"బావుందా?" అంది తల్లి మురిసిపోతూ. "నిప్పన్నాక ఎర్రగా ఉండొద్దటే? నువ్వేమో చల్లగా నీలం పూశావు. పడవకి వెయ్యగా మిగిలిన రంగుంటే నేనే వేశా."

"అమ్మా, ఎర్రచుక్కలే చల్లనివి. ఇది సూర్యుడికి మూడింతల వేడి. అందుకే నీలం."

ముత్యాలమ్మ నెత్తి కొట్టుకుంది. "నా చేతులు పడిపోను! ఎంత పని చేశానే తల్లీ! ఉండు, బజారుకెళ్ళి రంగు తెస్తా."

టైమెక్కడిది? జడ్జీగా వచ్చిన ఫిజిక్సు లెక్చరరు వసుంధర గారు అప్పటికే రెండు బల్లల అవతల ఉన్నారు. రెండు నెలల కష్టం బూడిదైపోయిందని ముత్యాలమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియక తనను తానే తిట్టుకుంది.

నాగమల్లేశ్వరి ఒక్క నిమిషం తల పట్టుక్కూర్చుంది. తర్వాత లేచి, జాకెట్టు పిన్నీసు తీసి రంగు గీరింది. పడవ రంగు సరిగా ఆరలేదేమో, పొరలుగా ఊడొచ్చింది. సగం గీరి ఆపేసింది.

"ఏంటమ్మా ఇది, సగం ఎరుపు, సగం నీలం?" అన్నారు వసుంధర గారు.

"ఎరుపు మనం అనుకునేదండీ. నీలం నిజం." పిల్ల నీలం వైపు చూపించింది. "దీని ఒంటి మీద ఇరవై వేల డిగ్రీల వేడండీ. సూర్యుడికి ఆరు వేలే. బరువు ఎనిమిది సూర్యుళ్ళంత."

"నీలమే ఎక్కువ వేడని నమ్మకం ఏంటి?"

నాగమల్లేశ్వరి వెనక్కి తిరిగింది. "అమ్మా, మన పడవ ఇంజనుకి గ్యాస్ వెల్డింగు పెట్టినప్పుడు ఇనుము ఏ మంటకి కరిగింది?"

ముత్యాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "నీలం మంటకే... మొదట ఎర్రగా వచ్చిందమ్మా, ఆ కుర్రాడు ఏదో తిప్పాడు, నీలంగా అయింది. అప్పుడు కరిగింది." చెబుతూ చెబుతూనే ఆవిడకి సంగతి బోధపడి నోరు తెరిచేసింది.

"మరంత వేడిదైతే కంటికి సరిగ్గా ఆననైనా ఆనదేం?" అన్నారు వసుంధర గారు.

"దూరమండీ. ఆ వెలుగు బయల్దేరి వెయ్యేళ్ళు దాటింది. దగ్గరుంటే సూర్యుడు దాని ముందు వెయ్యోవంతు కూడా కాదండీ."

వసుంధర గారు ఎరుపు మీద వేలు పెట్టి చూశారు. వేలికి రంగంటింది. "సగం ఎర్రగా ఉంచడం ఎవరి ఆలోచన? మీ మాష్టారిదా?"

"మా అమ్మదండీ."

ముత్యాలమ్మ "కాదు తల్లీ, నేను తెలీక..." అనబోయింది. కూతురు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా కాలేజీ పిల్లల్ని అడిగినా సగంమంది ఎరుపే అంటారు" అని నవ్వుతూ వసుంధర గారు కాగితం మీద పేరు రాసుకున్నారు. "హైదరాబాదుకి దీన్ని ఇలాగే పట్టుకురా. మీ అమ్మగార్ని కూడా తీసుకురా, ఎరుపెందుకు వేశారో ఆవిణ్ణే చెప్పమను."

ముత్యాలమ్మ చెంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.