చింతపండుతో తోమిన ఫిల్టర్

నేనొక ఫిల్టర్ డబ్బాను. అక్వేరియం కింది అరలో, రెండు గొట్టాలు తగిలించుకుని మూల కూర్చునే జాతి మాది. పైన చేపలు వయ్యారాలు పోతుంటే అందరూ వాటినే చూస్తారు. మా వంక చూసేది మేం ఆగిపోయినప్పుడే. పోనీలెండి, మనుషుల తీరే అంత, దానికి నాకేం కోపం లేదు. నా బాధ వేరు.

నన్ను ఏ దేశంలో పోతపోశారో గుర్తులేదు. నాకు ఊహ తెలిసేసరికి రైల్లో జోగారావు ఒళ్లో ఉన్నాను. ఆయన విశాఖపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటరు. చెన్నైలో నన్ను కొని, బెర్తు ఉండి కూడా ఎక్కకుండా, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని విశాఖ దాకా కూర్చునే వచ్చాడు. ఆ మురిపెం తలుచుకుంటే నాకిప్పటికీ గర్వమే.

ఇంట్లో ఆయనకు నాలుగడుగుల గాజు తొట్టి ఉండేది. పదిహేను రోజులకోసారి స్కూటర్ మీద భీమిలి వెళ్లి క్యాన్లతో సముద్రపు నీళ్లు తెచ్చేవాడు. అందులో నారింజరంగు చేపలు రెండు, పసుపుది ఒకటి. నా కడుపులో స్పాంజి, పింగాణీ ముక్కలు, వాటి మీద గోధుమరంగు జిగురు. మీరు దాన్ని మురికి అంటారు. ఆ జిగురులోనే కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురముంటాయి. చేపలు విడిచిన మలినం విషమైతే, ఆ విషాన్ని తిని నీళ్లను నిలబెట్టేది అవే. పేరు నాది, పని వాటిది.

ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. కరెంటు పోయింది. పోర్టులో చిక్కుకుపోయిన జోగారావు, గంటకోసారి నీళ్లలోకి గాలి కొట్టే బ్యాటరీ పంపు వేస్తూ ఉండమని భార్యకు ఫోన్లో చెప్పాడు. భార్య పేరు నూకరత్నం. ఒకరోజంతా ఆమె తొట్టి పక్కనే కూర్చుంది. మర్నాడు పక్కవీధిలో ఉన్న చెల్లెలి ఇంటి రేకులు ఎగిరిపోయి పిల్లలు వానలో ఉన్నారని తెలిస్తే పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి చేపలు మూడూ తేలిపోయాయి.

జోగారావు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అన్నం, తాళాలు, గ్యాస్ బండ, ఇంతకు మించి మాట లేదు. ఏడు నెలలు. ఎదురుగా కూర్చుని తింటూ కూడా ఆమె మొహం చూసేవాడు కాదు. ఆ మూడు చేపల కోసం భార్యను వెలివేసినట్టు చేస్తాడా మనిషి! తొట్టిలో ఉప్పునీళ్లు పాచిపట్టి, నేను తిరగడం మానేసి, ఇల్లంతా నీచువాసన వేసేది.

చివరికి నూకరత్నమే నడుం బిగించింది. సముద్రపు చేపలు తనకు చేతకావు గానీ మంచినీళ్ల చేపల్ని పెంచలేనా అనుకుంది. బుధవారం వాళ్ల పెళ్లిరోజు. ఆవేళకి తొట్టిలో చేపలు తిరగాలి, ఆయన నోట ఒక్క మాట రావాలి. పాపం, ఆమె కోరిక అంతే.

ఆదివారం పొద్దున్న పెరట్లో కుళాయి కింద నన్ను ముక్కలుగా విప్పింది. అంచుల్లో ఉప్పు గట్టిగా పేరుకుపోయి ఉంటే, దేవుడి దగ్గరి ఇత్తడి సామాన్లు తోమినట్టు చింతపండు పెట్టి తోమింది. స్పాంజిని తెల్లగా అయ్యేదాకా పిండింది. బుధవారానికి చేపలు వచ్చేస్తాయని వరండాకు వినబడేట్టు నాతోనే చెప్పింది.

వరండాలో జోగారావు పేపరు చదువుతున్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చాడు. ఆయనకు అన్నీ తెలుసు. ఉప్పు వదిలించడం తప్పు కాదు, చెయ్యాల్సిందే. కానీ ఉప్పునీళ్లకు అలవాటుపడ్డ జీవులు మంచినీళ్లకు పనికిరావు. కొత్తవి పుట్టుకురావాలి. చేపలు లేని నీళ్లలో నన్ను తిప్పుతూ, కుళ్లి వాటికి తిండి అయ్యేట్టు రోజూ చిటికెడు మేత వేస్తూ నెలన్నర ఆగాలి. ఆ ఒక్కమాట చెప్పడానికే నోరు తెరిచాడు, నేను చూశాను. మళ్లీ ఏం గుర్తొచ్చిందో మూసేసుకుని పేపరు దగ్గరికి వెళ్లిపోయాడు. నాకైతే నోరు లేదు. ఆయనకు ఉంది కదా!

పూర్ణా మార్కెట్ దగ్గర చేపలమ్మే మస్తాన్, ఫిల్టర్ పాతదేనా అని అడిగాడట. పదేళ్లది అందిట ఈవిడ. అయితే లోపల జీవులు ఉండే ఉంటాయి, భయం లేదని ఆరు గోల్డ్ ఫిష్‌లు ఇచ్చాడు. బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన జోగారావు తొట్టి ముందు చాలాసేపు నిలబడి, "మేతేసేవా?" అన్నాడు. ఏడు నెలల తర్వాత అవసరం లేని మాట అదే మొదటిది. నూకరత్నం వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా ఆయన! ఆదివారం పంతం అడ్డొచ్చింది, బుధవారం సిగ్గు అడ్డొచ్చింది.

మూడోరోజుకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకున్నాయి. నేను శాయశక్తులా తిరిగాను. ఖాళీ కడుపుతో తిరిగి ఏం లాభం? ఐదోరోజుకి ఆరూ పోయాయి. నూకరత్నం వాటిని కవరులో పెట్టుకుని మస్తాన్ దగ్గరికే వెళ్లింది. చింతపండు సంగతి విని అతను తలపట్టుకున్నాడట. నెలన్నర ఆగాలని చెప్పి, పైగా ఇంకో మాట కూడా అన్నాడట: "ఇయ్యన్నీ నాకు నేర్పిందే మీ ఆయన కదమ్మా."

ఆమె ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"మీకు ముందే తెల్సా?"

జోగారావు తల దించుకున్నాడు. "నువ్వడగనేదు కదా" అన్నాడు.

నూకరత్నం తొట్టిలో నీళ్లు తోడేసి, తుడిచి ఆరబెట్టి, అందులో చలికాలం దుప్పట్లు మడతపెట్టి సర్దింది. నన్ను పెరటి వరండాలో పడేసింది.

ఆ మర్నాడే జోగారావు ఒక బకెట్టులో నీళ్లు నింపి, నన్ను దానికి తగిలించాడు. పొద్దున్నే చిటికెడు మేత వేసేవాడు. డ్యూటీకి వెళ్లేముందు నా మూత మీద చెయ్యివేసి తిరుగుతున్నానో లేదో చూసుకునేవాడు. స్పాంజి మెల్లగా గోధుమరంగుకు తిరిగింది. నెలన్నర గడిచాక బకెట్టు నీళ్లు సీసాలో పట్టి మస్తాన్ దగ్గర పరీక్ష చేయించి, ఆ సీసా చేత్తో పట్టుకునే భార్య ముందుకెళ్లాడు.

"నీళ్లు తయారైపోనాయి రత్నం. సేపలు నువ్వే తేవాల."

నూకరత్నం బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నానడగనేదు కదండీ" అంది.

అప్పటినుంచీ నేను ఆ బకెట్టుకే తగులుకుని ఉన్నాను. ఆయన నన్ను ఆపలేదు. ఆపితే నాలో పుట్టినవన్నీ ఒక్కరోజులో చచ్చిపోతాయని ఆయనకు తెలుసు. రోజూ మేత వేస్తాడు. పక్కనే కుళాయి దగ్గర నూకరత్నం గిన్నెలు తోముకుంటుంది. ఆయన నోరు తెరుస్తాడు. ఆమె కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పుకుంటుంది.